మేడగది కొక్కేలు

మా నానమ్మ డబ్బుకి ఎనిమిది కాళ్లు. అందరి డబ్బూ జేబులోనో, బ్యాంకులోనో పడి ఉంటుంది. మా నానమ్మది మాత్రం మేడగది దూలానికి తలకిందులుగా వేలాడుతూ ఉండేది. పైగా వాసన కొట్టేది. ఆ వాసన మా బట్టలకీ, దుప్పట్లకీ, నా బడిసంచికీ పట్టేసింది. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుంటే, "మేం డబ్బున్నవాళ్లమే, అందుకే ఈ వాసన" అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

నానమ్మ పేరు మన్నూబియా. మాది కెర్కెన్నా దీవిలో అతాయా ఊరు. ఫెర్రీ ఎక్కితే అవతలి ఒడ్డున స్ఫాక్స్ పట్నం. ఇవతల ఒడ్డున మేమూ, ఖర్జూరం చెట్లూ, ఆక్టోపస్‌లూ. మా నాన్న హమ్మాది మట్టికుండలు వరసగా తాడుకి కట్టి సముద్రంలో వదిలి వస్తాడు. ఆక్టోపస్ ఆ కుండని చూసి, అద్దె లేని ఇల్లు దొరికిందనుకుని అందులో దూరి పడుకుంటుంది. పొద్దున్నే నాన్న ఇల్లుతో సహా పైకి లాగుతాడు. వాకిట్లో కుండ బోర్లించి దులిపేటప్పుడల్లా నానమ్మ, "ఊరికే వచ్చిన కొంప ఇలాగే ఉంటుంది" అనేది. ఆక్టోపస్‌తో అనేదో, అప్పు మీద పడవ కొన్న పక్కింటి వాళ్లకి వినబడాలని అనేదో నాకు తెలియదు. గొంతు మాత్రం పక్కింటి దాకా వెళ్లేది.

పడవ వచ్చేసరికి ఆమె వాకిట్లో రాతిపలక ముందు కూర్చుని ఉండేది. అమ్మేవి ఒకవైపు, వండేవి ఇంకోవైపు తీసేది. ఆ తర్వాత మొత్తంలోకీ కండ పట్టినదాన్ని, మెరుస్తున్నదాన్ని, నాన్న అప్పటికే మనసులో అమ్మేసుకున్నదాన్ని ఎంచి తన ఒళ్లోకి లాక్కునేది. దాని పేరు 'పైకి పోయేది'.

"అమ్మా, ఆ ఒక్కటి అమ్మితే ఈ వారం డీజిల్‌కి సరిపోతుంది" అనేవాడు నాన్న.

"డీజిల్ చిన్నవాటితోనూ వస్తుందిరా. ఇంజనుకేమైనా కళ్లున్నాయా, ఎంత పెద్దది అమ్మి పోశావో చూడ్డానికి?"

"చిన్నది పైకి పంపొచ్చుగా మరి?"

"నీకు వదలబుద్ధి కానిదే పైకి పోవాలి. అక్కర్లేనిది దాస్తే అది దాచుకోవడం కాదు, ఇల్లు ఊడవకపోవడం."

నాన్న ఖాళీ కుండలు ఎత్తుకుని పడవ వైపు నడిచేవాడు. యాభై ఏళ్లొచ్చినా వాళ్లమ్మ ముందు ఆయన సముద్రంలో కంటే జాగ్రత్తగా ఉంటాడు.

ఆ పెద్దదాన్ని ఆమె రాయి మీద కర్రతో బాది, కడిగి, కాళ్లు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో రెల్లుపుల్ల అడ్డం పెట్టి, డాబా మీద బట్టల తీగకే ఆరేసేది. నాన్న చొక్కా, పక్కన ఆక్టోపస్, దాని పక్కన నా గౌను. గాలికి మూడూ ఒకే రకంగా ఊగేవి. ఎండి కర్రలా అయ్యాక మేడగదిలోకి తీసుకెళ్లి, దూలానికి ఉన్న ఇనుప కొక్కేలకి తగిలించి తాళం వేసేది. తాళంచెవి మెడలో. స్నానానికి వెళ్లినా మెడలోనే. మేడగదిలో ఉన్నవాటి రుచి ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మేం తినేవన్నీ ఒక కాలు తెగినవి, చితికినవి, పిల్లి ఒకసారి వాసన చూసినవి.

ఇల్లు నడపడంలో ఆమె పద్ధతులు రాస్తే మా ఊళ్లో సగంమంది నవ్వుతారు, మిగతా సగంమంది రహస్యంగా పాటిస్తారు. టీవీలో సీరియల్ ఆఖరి సీను మొదలవగానే కట్టేసేది. "రేపు మొదట్లో మళ్లీ ఇదే చూపిస్తారు, రెండుసార్లు కరెంటెందుకు?" రొట్టె పైపొర నాన్నకి, మెత్తటిది నాకు, గిన్నె తుడిచిన ముక్క తనకి. ఒక్క టీ దగ్గర మాత్రం పిసినారితనం లేదు. పుదీనా కట్ట పడేసి, చిక్కగా కాచి, గ్లాసులో నురగ వచ్చేలా ఎత్తునుంచి పోసేది. ఎందుకంటే టీకి నీళ్లు మా ఇంటివి.

మా వాకిలి కింద వాననీటి తొట్టి ఉంది. పాతకాలం వాళ్లు తవ్వింది. శరదృతువు వానలకి ముందు డాబా అంతా సున్నం కొట్టి తుడుస్తాం, పడిన చుక్క పడినట్టే కాలవ వెంట కిందికి దిగుతుంది. ఏడాదంతా అదే తాగుతాం. కుళాయి ఉంది కానీ ఆ నీళ్లు ఉప్పన. వాటితో గిన్నెలు తోముకోవచ్చు, శత్రువులకి టీ ఇవ్వొచ్చు. తొట్టిలో బొక్కెన దింపే తాడుకి నానమ్మ ముడులు వేసి ఉంచింది. ఏ నెలకి ఏ ముడి తడవాలో ఆమెకి తెలుసు. ముడి తడవకపోతే ఆ వారం నా తల స్నానం రద్దు.

ఇక డబ్బు సంగతి. రంజాన్ ముందు స్ఫాక్స్ ఆడవాళ్లు బార్లీ రవ్వ సిద్ధం చేసుకుంటారు. ఉపవాసం విడిచాక తాగే బార్లీ జావలో ఆక్టోపస్ ముక్క తగలకపోతే వాళ్లకి ఉపవాసం విడిచినట్టే ఉండదు. అప్పుడు లస్సాద్ అనే వ్యాపారి తెల్ల వ్యాను ఫెర్రీ ఎక్కించుకుని మా గుమ్మం ముందుకి వచ్చేవాడు. నా చిన్నప్పుడు ఆ రావడం చూసి తీరాల్సిందే. మండుటెండలో చెమటలు కక్కుతూ గుమ్మంలో కూర్చునేవాడు. నానమ్మ మూడు టీలు పోసేదాకా మేడగది ఊసెత్తేది కాదు.

"పెద్దమ్మా, ఈసారి ఎన్నున్నాయి?"

"ఎక్కడున్నాయి నాయనా. నాలుగు ఎండుకాళ్లు పడున్నాయంతే. మీ ఆవిడ బాగుందా?"

"బాగుంది. కిలోకి ఎంత అడుగుతున్నావు?"

"పిల్లలు?"

"పిల్లలూ బాగున్నారు పెద్దమ్మా. ఫెర్రీ వెళ్లిపోతుంది."

"వెళ్లనీ, మళ్లీ వస్తుంది. అది దాని పని."

ఆఖరికి లస్సాదే నోరు విప్పి ధర చెప్పేవాడు, తర్వాత తనే పెంచుకునేవాడు. తాళం అప్పుడు తీసేది. అలా అమ్మిన డబ్బుతోనే నాన్న పడవకి కొత్త ఇంజను వచ్చింది, వంటింటి కప్పు వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, నాకు బడిసంచి, బూట్లు వచ్చాయి. బడి నేను మధ్యలోనే మానేశాను. "నా జన్మలో నష్టం వచ్చిన బేరం ఒక్కటే, నీ సంచి" అంటుంది ఇప్పటికీ. ఆ సంచిలో ఆమె ఇప్పుడు ఉల్లిపాయలు పెట్టుకుంటుంది కాబట్టి అది కూడా పూర్తిగా నష్టమనలేను.

అయితే కొన్నేళ్లుగా లస్సాద్ తీరు మారింది. ఒక ఏడు రెండు టీలకే లేచాడు. మరుసటేడు ఒక టీ తాగి, ఇంజను ఆపకుండానే బేరమాడాడు. ధర ఏటా కాస్త కాస్త కిందికి దిగింది. నానమ్మ ప్రతిసారీ సణుగుతూనే అమ్మింది. "వీడికి పొట్ట పెరిగింది, దయ తగ్గింది" అనేది.

తొట్టి పగిలింది సరిగ్గా అప్పుడే. ఆ చలికాలం వానలు బాగానే పడ్డాయి. అయినా ఆ నెలకి తడవాల్సిన ముడి పొడిగా పైకొచ్చింది. నానమ్మ తాడు చేత్తో పట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది. "నువ్వు దొంగతనంగా తల స్నానం చేశావా?" అని అడిగింది. చెయ్యలేదన్నాను. నిజంగానే చెయ్యలేదు, నా జుట్టు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. వారం తిరిగేసరికి ఇంకో ముడి పొడిబారింది. మేస్త్రీ ఫర్జానీ నిచ్చెన వేసుకుని దిగి, లాంతరు పట్టుకుని గోడలన్నీ తడిమి పైకొచ్చాడు.

"ఒకచోట కాదు పెద్దమ్మా, గోడంతా నెర్రెలిచ్చింది. లోపలంతా గీకేసి కొత్తగా పూత వెయ్యాలి. సామాను ఒకవంతు, కూలీలు ఒకవంతు. రెండూ కలిపి పదిహేను వందల దీనార్లు దాటుతుంది."

"ఎప్పట్లోగా వెయ్యాలి?"

"వచ్చే శరదృతువులో మొదటి వాన పడేలోగా. పడ్డాక వేస్తే పూత నిలవదు. వెయ్యకుండా వదిలేస్తే ఆ వానంతా నేల తాగేస్తుంది, ఏడాదంతా మీరు ట్యాంకరు కొనుక్కుని తాగుతారు."

నాన్న ఒక మాట అన్నాడు. సిమెంటు కొట్టువాడు వాయిదాల మీద ఇస్తాడట, నెలనెలా కట్టుకోవచ్చట. నానమ్మ ఆయన వైపు చూసిన చూపుకి వాకిట్లో పిల్లి కూడా లేచి వెళ్లిపోయింది.

"తొట్టి కారుతోందని, ఇల్లు కూడా కారేట్టు చేస్తావా? మేడగది నిండుగా ఉంది. లస్సాద్ రానీ."

లస్సాద్ వచ్చాడు. రంజాన్ ఇంకా పది రోజులుంది, చలి పోలేదు, నాన్న ఆ రోజే కుండలు దులుపుతున్నాడు. లస్సాద్ వ్యాను దిగలేదు. కిటికీలోంచే కిందటేటి ధరలో సగం చెప్పాడు.

"టీ తాగవా?" అంది నానమ్మ.

"వద్దు పెద్దమ్మా. నిజం చెబుతున్నా, నా గోడౌన్లో కిందటేటివే మిగిలాయి. సగానికి మించి ఇవ్వలేను. అది కూడా నీ మొహం చూసి."

"నా మొహం నీకు సగం ధరలా కనబడుతోందా?"

"పెద్దమ్మా..."

"నీ వ్యాను నా గుమ్మానికి అడ్డంగా ఉంది. తీయించు. మేకలు రావాలి."

మాకు మేకల్లేవు. లస్సాద్‌కీ ఆ సంగతి తెలుసు. అయినా వ్యాను తీసి వెళ్లిపోయాడు. నానమ్మ లోపలికొచ్చి తాళంచెవి రవికలోకి తోసుకుని, "వస్తాడు. రంజాన్ మొదలయ్యాక నెత్తి బాదుకుంటూ వస్తాడు" అంది.

రంజాన్ మొదలైంది, ముగిసింది. లస్సాద్ రాలేదు.

వసంతం పోయింది, ఎండలు ముదిరాయి. మే నెలలో సర్కారు వాళ్లు మామూలుగానే ఆక్టోపస్ వేట మూసేశారు, నాన్న చేపల మీద పడ్డాడు. తొట్టి అడుగు కనబడింది. ఆ ఎండాకాలం మొదటిసారి మా ఇంట్లో కుళాయి నీళ్లతో టీ కాచారు. నానమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "నా నోరు బాలేదు" అంది. రెండో రోజూ నోరు బాలేదు. మూడో రోజు నుంచి టీ మానేసింది. రోజుకి ఆరు గ్లాసులు తాగే మనిషి ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అది చూసి నాకు ఆటపట్టించడానికి కూడా బుద్ధి పుట్టేది కాదు. బాధ్యత తెలిసిందాన్ని కాబట్టి కాసేపటికి పుట్టించుకునేదాన్ని.

జూలైలో పట్నాల నుంచి, సముద్రం అవతలి దేశాల నుంచి మా వాళ్లందరూ దీవికి వచ్చేస్తారు. పెళ్లిళ్లు, ఊరేగింపులు. అందరికీ ఇంటి రుచి మీద మనసు. నేను చెప్పాను, "నానమ్మా, కొనేవాళ్లు ఇంటికే వచ్చారు. అమ్మెయ్."

"ఎవరికి? మా చెల్లెలి మనవడికా? ఊరు విడిచిపోయి ఏడాదికోసారి వచ్చే పిల్లాడి చేతిలో తక్కెడ పెట్టమంటావా?"

"వాళ్లకి జీతాలున్నాయి."

"నాకు సిగ్గుంది."

మా దీవిలో తిరిగి వెళ్లేవాళ్లకి ఎండు ఆక్టోపస్ చేతిలో పెట్టి పంపడం మర్యాద. అమ్మడం ఎవరూ ఎరగరు. కనబడిన ప్రతి చుట్టానికీ ఆమె ఒక్కోటి ఇస్తూ పోయింది. చివరికి ఒకరోజు మేడగది తెరిచినప్పుడు కింద నేలమీద పొడి రాలి ఉంది. నానమ్మ వేలితో తీసి వాసన చూసింది. పురుగు పట్టడం మొదలైంది. ఇంకో రంజాన్ దాకా అవి ఆగవు. మొదటి వానకి నెలా, నెలన్నర మించి లేదు.

నేను కిరాణా కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాను, ఏ పెళ్లి ఎప్పుడో చూసుకుంటూ. అందులో జనవరి లాంటి నెలలూ, రంజాన్ లాంటి నెలలూ పక్కపక్కనే ఉంటాయి. చూస్తూ చూస్తూ నవ్వొచ్చింది.

"నానమ్మా, నీ గొడవ లస్సాద్‌తో కాదు. చంద్రుడితో."

"పనిలేకపోతే వెళ్లి బార్లీ ఏరు."

"వినవే. ఆక్టోపస్ ఎప్పుడొస్తుంది? చలికి. అంటే సూర్యుడి లెక్క. మరి రంజాన్? ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. అది చంద్రుడి లెక్క. నా చిన్నప్పుడు రంజాన్ మండుటెండలో వచ్చేది. అప్పటికి వేట మూసేసేవారు, స్ఫాక్స్ మొత్తానికీ నీ మేడగదే దిక్కు. ఇప్పుడు రంజాన్ జరిగి జరిగి చలిలోకి వచ్చేసింది. నాన్న కుండల్లో తాజావి దిగుతుంటే నీ ఎండు కట్టెలు ఎవడిక్కావాలి? నువ్వు సూర్యుడి దగ్గర సరుకు తెచ్చి చంద్రుడి సంతలో దుకాణం పెట్టావు. చంద్రుడు సంత ఎత్తేసి వెళ్లిపోయాడు."

చెప్పు విసిరింది. తగల్లేదు. డబ్బు దగ్గరున్న గురి ఆమెకి చెప్పు దగ్గర ఉండదు.

తర్వాత లేచి వచ్చి క్యాలెండరు ముందు నిలబడింది. రంజాన్ ఏటా జరుగుతుందని మా దీవిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆమె అరవై ఏళ్లుగా చలిలో, ఎండలో, వానలో ఉపవాసాలు చేసిన మనిషి. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. పదిహేనేళ్లు వరసగా కలిసొచ్చింది కదా, ఇక ఎప్పుడూ అలాగే ఉంటుందనుకుంది. కలిసి రావడం ఆపేసినప్పుడు లస్సాద్ పొట్ట వైపు చూసింది.

సాయంత్రం నన్ను మేడగదికి రమ్మంది. కొక్కేల కింద చాప వేసుకుని కూర్చుంది.

"నేనీ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు రంజాన్ చలికాలంలోనే పడింది" అంది. "కుంపటి చుట్టూ కూర్చుని ఉపవాసం విడిచేవాళ్లం. అప్పుడు ఈ కొక్కేలకి ఏముండేదో తెలుసా?"

"ఏముండేది?"

"ఏమీ లేదు. గదినిండా గొర్రె ఉన్ని ఉండేది. మా అత్త ఆక్టోపస్ ఏరోజుది ఆరోజే తాజాగా అమ్మేసేది. మిగిలించిన దాంతో ఉన్ని కొని పెట్టేది. ఎండాకాలం పెళ్లికూతుళ్ల పరుపులకని జనం ఇంటికే వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఈ కొక్కేలు నా తలకి తగులుతున్నాయి, పీకించేద్దాం అత్తా అన్నాను. ఉండనివ్వవే, వాటి రోజులు వాటికొస్తాయి అంది. నాకేమీ అర్థం కాలేదు. ముసల్దానికి ఇనుము మీద కూడా ఆశే అనుకున్నాను."

"మధ్యలో ఇంకోసారి కూడా చలికాలం రంజాన్ వచ్చుండాలే?"

"వచ్చింది. అప్పుడు మీ తాత లిబియాలో పనిచేసేవాడు. నెలనెలా డబ్బొచ్చే ఇంట్లో మేడగది వైపు ఎవరు చూస్తారు?"

"అయితే ఇప్పుడు ఉన్ని కొంటావా? ఇప్పుడందరూ స్పాంజి పరుపుల మీదే పడుకుంటున్నారు."

"నాకు తెలుసు. నోరు మూసుకుని ఆలోచించనీ." వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, "ఫర్జానీ ఏమన్నాడు? సామాను ఒకవంతు, కూలీలు ఒకవంతు అన్నాడు కదూ?" అంది.

"అన్నాడు."

"లస్సాద్‌కి ఫోన్ కలుపు."

కలిపాను. ఫోన్‌ని ఆమె చెవికి దూరంగా, పొయ్యి ఊదేటట్టు నోటికి ఎదురుగా పట్టుకుంటుంది.

"నాయనా లస్సాద్. మేకలు వెళ్లిపోయాయి. వ్యాను తెచ్చుకో."

అవతల లస్సాద్ నవ్వాడేమో, ఆమె మొహం కొంచెం ఎర్రబడింది. "సగమేనా? ఇంకా తగ్గిందా? సరే. సరేనంటున్నాను కదా. అన్నీ ఇవ్వను. ఎన్నిస్తానో నువ్వు వచ్చాక చెబుతాను."

నేను పుట్టాక ఆమె నోటి నుంచి ధర విషయంలో 'సరే' రావడం అదే మొదటిసారి. ఫోన్ నా చేతిలో పెట్టి, "అలా చూడకు. నష్టానికి అమ్మడం తప్పు కాదు. అమ్మాల్సినప్పుడు అమ్మకుండా గుమ్మంలో లేని మేకల్ని తోలుకుంటూ కూర్చోవడం తప్పు" అంది. చెప్పడమైతే చెప్పింది గానీ, గొంతు అంత బలంగా లేదు.

లస్సాద్ వచ్చాడు, ఈసారి దిగాడు. ఆమె సిమెంటుకీ, సున్నానికీ, ఫర్జానీ కూలికీ సరిపడా డబ్బు ఎంతో ముందే లెక్క వేసుకుంది. అంత వచ్చేదాకా కొక్కేల నుంచి ఒక్కోటి దింపించి, ఆపైన ఒక్క కాలు కూడా ఇవ్వలేదు. దూలానికి ఇంకా మూడోవంతు మిగిలాయి.

"ఇవి ఏం చేస్తావు పెద్దమ్మా? పురుగు తింటుంది" అన్నాడు లస్సాద్.

"పురుగు కంటే ముందు మనుషులు తింటారు."

మరునాడు నాన్నని వీధి వీధికీ పంపింది. మా వైపు ఒక అలవాటు ఉంది. ఆలివ్ కాయలు కొయ్యాలన్నా, సముద్రంలో చేపలు పట్టే ఖర్జూరపు మట్టల దడి కట్టాలన్నా, ఒక ఇంటి పనికి ఊరంతా వచ్చి చేతులేస్తుంది. కూలి ఇవ్వరు. ఇంటివాళ్లు కడుపునిండా పెట్టాలి, అంతే. నానమ్మ అందరిళ్లకీ వెళ్లింది గానీ తన ఇంటికి ఎప్పుడూ పిలవలేదు. పదిహేను ఇరవై మందికి కడుపునిండా పెట్టడమంటే ఆమె లెక్కలో అది కూలి కంటే ఎక్కువ ఖర్చు. ఇన్నేళ్లూ మేడగదిలో వేలాడే దాన్ని డబ్బుగానే చూసి చూసి, అది తిండి అన్న సంగతే మరిచిపోయింది.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున జనం దిగారు. ఫర్జానీ నిచ్చెన వేశాడు. జూలైలో ఎండు ఆక్టోపస్ చేతిలో పెట్టించుకున్న నానమ్మ చెల్లెలి మనవడు కూడా వచ్చాడు, తిరుగు ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకుని, తెల్లటి బూట్లతో. ఆ బూట్లని కాపాడుకోవడానికి అతను పడిన పాట్లు చూడ్డానికి నేను వంటింట్లోంచి పదిసార్లు బయటికొచ్చాను. లోపల గోడలు గీకేవాళ్లు, బొక్కెనలతో మట్టి అందించేవాళ్లు, పైన సిమెంటు కలిపేవాళ్లు. తొట్టి లోపలి నుంచి పాటలు, బూతులు కలిసి పైకొచ్చాయి. నానమ్మ తొట్టి నోటి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "ఆ మూల వదిలేశారు, కనబడట్లేదనుకోకండి" అని చీకట్లోకి అరుస్తూనే ఉంది.

నేను ముందురోజే ఆక్టోపస్‌లని నానబెట్టి ముక్కలు కోశాను. పెద్ద గుండిగలో ఉల్లిపాయలు, టమాటా గుజ్జు, ఎండుమిరప ముద్ద, బార్లీ రవ్వ. ఉల్లిపాయలు నా బడిసంచిలోవే. మధ్యాహ్నం వాకిట్లో వరసగా కూర్చోబెట్టి గిన్నెల్లో పోశాం. నానమ్మకి కూడా ఒక గిన్నె ఇచ్చాను. చెంచాతో ఒక ముక్క తీసుకుని నమిలింది. చాలాసేపు నమిలింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది" అంది. ఇంకో ముక్క తీసుకుంది. "ఇంత బాగుంటుందా ఇది?"

"నువ్వు తాళం వేసి దాచింది ఇదే మరి."

"లస్సాద్‌ని ఇన్నేళ్లూ చవగ్గా వదిలేశాను" అంది, మూడో ముక్క కోసం గిన్నెలో వెతుకుతూ.

రెండో రోజు సాయంత్రానికి పూత పూర్తయింది. సెప్టెంబరు చివర్లో, నాన్న కుండలకి తాళ్లు సరిచేసుకుంటుండగా, మొదటి వాన పడింది. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడి కాలవలోంచి నీళ్లు కిందికి దిగుతున్న చప్పుడు విన్నాం. వాన వెలిశాక నానమ్మ బొక్కెన దింపింది. వారం తర్వాత మళ్లీ దింపింది. తడిసిన ముడి తడిసినట్టే ఉంది. ఆ రోజు టీ ఎంత ఎత్తునుంచి పోసిందంటే, సగం పళ్లెంలో పడింది. ఇంకో గ్లాసు పోసుకుంది.

ఇప్పుడు ఆక్టోపస్ ఏరోజుది ఆరోజే అమ్మేస్తున్నాం. 'పైకి పోయేది' మాత్రం ఇంకా ఉంది. రాతిపలక దగ్గర పెద్దదాన్ని నానమ్మే ఎంచుతుంది, అది అమ్మగా వచ్చిన డబ్బు విడిగా తీస్తుంది. వారానికోసారి నేనామెని పోస్టాఫీసుకి తీసుకెళ్తాను. పొదుపు ఖాతా తెరిచిన రోజు కిటికీ అవతలి అమ్మాయి పాసుబుక్కు ఇస్తే, తిప్పి తిప్పి చూసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి వాసనే లేదు" అంది.

"అందుకే పురుగు పట్టదు" అన్నాను.

"పట్టే పురుగులు కోటు వేసుకుని లోపల కూర్చుని ఉంటాయిలే" అంది. కిటికీ అవతలి అమ్మాయి నవ్వాపుకోలేక తల వంచుకుంది.

నిన్న మేడగదిలో చప్పుడైతే వెళ్లి చూశాను. గది ఖాళీ, కిటికీలు తెరిచి ఉన్నాయి. వాసన చాలావరకు పోయింది. నాకేమో ముక్కుకి ఏదో తక్కువైనట్టుంది. నానమ్మ ముక్కాలిపీట ఎక్కి నిలబడి, గుడ్డకి ఆలివ్ నూనె అద్ది, కొక్కేలకి ఒక్కొక్కదానికీ రాస్తోంది.

"దిగు, పడతావు. ఖాళీ కొక్కేలకి నూనెందుకు?"

"తుప్పు పడతాయి."

"పట్టనీ. రంజాన్ మళ్లీ ఎండల్లోకి రావాలంటే ఎన్నేళ్లు కావాలో లెక్క వేశావా? పదిహేనేళ్లకి తక్కువ కాదు."

"వేశాను."

"అప్పటికి నువ్వు ఉంటావా?"

"నేనుండను. నీ బద్ధకం ఉంటుంది. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. పీట గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. మెడలోంచి తాళంచెవి తీసి, "ఇది నా చేతికి అడ్డం పడుతోంది, కాసేపు నీ మెడలో వేసుకో" అంది. వేసుకున్నాను. నూనె రాయడం అయిపోయింది, కిందికి దిగింది, టీ కాచుకుంది, తాగింది. తాళంచెవి తిరిగి అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.